కిందికి దిగిన కోకిల

నా ఈల వింటే కోకిలలే సిగ్గుపడి ఊరు ఖాళీ చేస్తాయి. ఈ మాట అన్న రోజే మేడెక్కి ఈల వేస్తే పక్కింటి కుక్క తప్ప ఎవరూ పలకలేదు. అదీ తిట్టింది.

కానీ పిన్ని దాన్ని నిజం కోకిలే అని నమ్మింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

పిన్ని సంగీతం నేర్పుతుంది. శిష్యులంతా ఆమెని "కలకంఠి" అనేవాళ్లు. తీయని గొంతు గలది అని అర్థం. కోకిలనీ అంటారు, పాడే ఆడవాళ్లనీ అంటారు. ఆమె గొంతుకి ఆపరేషన్ అయి పాట ఆగిపోయాక ఓరోజు అలవాటు కొద్దీ "కలకంఠీ, కాఫీ!" అని కేకేశాను.

"ఇంకోసారి ఆ మాటన్నావంటే వీపు విమానం మోత మోగుతుంది," అంది. తరవాత మెల్లగా, "అది పాడేవాళ్లదిరా. నాది కాదు."

మర్నాడు పొద్దున్నే నీళ్ల ట్యాంకు వెనక నక్కి కోకిలలా కూశాను. వంటింటి కిటికీలోంచి పిన్ని తడబడుతూ బదులిచ్చింది. అది రోజూ జరిగింది. ఆమె మొహం వెలిగిపోతూ వచ్చింది.

"దాని శ్రుతి అందుకున్నానురా!" అంటూ ఆదివారం సభలో పాడటానికి ఒప్పేసుకుంది.

అసలు సంగతి నాకు తెలుసు. ఆమె ఏమీ అందుకోలేదు. గొంతు ఆగిన చోటల్లా నేనే ఈల దించాను.

ఆదివారం పొద్దున పిన్ని పైస్వరం ఎత్తుకుంది. గొంతు జీరపోయి ఓ మెట్టు జారింది. పాడు అలవాటు, నా ఈలా జారింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ట్యాంకు చిక్కిపోయిందో ఏమో, నా మోకాళ్లు బయటే ఉండిపోయాయి.

"కోకిల కూసేకొద్దీ పైకి పోతుంది," అంది పిన్ని. "ఎవరి కోసమూ దిగదు. ఇది దిగింది."

"కోకిలల్లో రకాలుంటాయి కదా పిన్నీ..."

"నిక్కరేసుకున్న రకం కూడానా?"

ఆమె నవ్వలేదు. "సాయంత్రం అంతమంది ముందు కూర్చోవాలిరా. నా గొంతు వచ్చిందా, లేదా?"

ట్యాంకు వెనక నుంచి బయటికొచ్చాను.

"రాలేదు పిన్నీ. నువ్వెక్కడ ఆగితే నేనక్కడికి దిగాను. ఆ పేరు మళ్లీ నీదవ్వాలని. తప్పయిపోయింది." కాళ్లకేసి చూస్తూ అన్నాను, "పక్కవాయిద్యాల వాళ్లతో శ్రుతి దించమని చెప్పు. కింది స్వరాల్లో నీ గొంతు బాగుంది. ఇది కోకిల మాట కాదు, నాది."