గౌస్ వకీలు ఎడమ భుజం

ఎల్లారెడ్డిల పొద్దుగాల ఏడున్నర బస్సెక్కంగనే కండక్టర్ రాజ్‌కుమార్ రోజూ ఒక్కటే మాట అంటడు. "వకీల్ సాబ్, నడుమ కూసోండ్రి." గౌస్ వకీలు కిటికి పక్కన కూసుంటె బస్సు ఆ దిక్కు ఒరుగుతది, టైరు రేకుకు రాసుకుంటది. అందుకే ముగ్గురు పట్టే సీట్ల నడుమ జాగ ఆయనది. ఎవరన్న కొత్తోళ్ళు కూసున్నా, "జర జరుగుండ్రి, సారు మీద బరువున్నది" అంటె జరుగుతరు. ఏం బరువు, ఏడున్నది అని అడిగినోళ్ళు ఇప్పటిదాక లేరు.

బరువంటె వడ్ల బస్తాలు. కంటికి కనపడవు, భుజానికే తెలుస్తయి. గౌస్ ముప్పయ్యేండ్ల నుంచి కామారెడ్డిల యజమానుల దిక్కు వకీలు. పనిల దెబ్బ తగిలినోళ్ళు పరిహారం అడుగుతరు, అది రాకుండ చేసుడు ఈయన పని. కేసు గెలిచిన సాయంత్రం ఒక బస్తా వచ్చి ఎడమ భుజం మీద కూసుంటది. మొదటిది చాంద్ బీ కేసుల వచ్చింది. ఆమె చెయ్యి పిండి మిషన్ల పడ్డది. "మిషన్ కాడికి నిన్ను ఎవరు పొమ్మన్నరు?" అని ఒక్క ప్రశ్న అడిగి గెలిచిండు. గౌస్ భార్య నజ్మా నరం పట్టిందనుకొని భర్త భుజానికి నాలుగు రోజులు బామ్ రాసింది. ఇప్పుడు బస్తాలు ఇరవై మూడు. మంచం ఆయన దిక్కు కుంగకుండ కోడు కింద ఆమె ఇటుకలు పెడుతది, బస్తాకొక ఇటుక.

ఒక రోజు పొద్దుగాల నజ్మా కోటు తొడిగిస్తూ అడిగింది.

"అజీ, ఇయ్యాల గుడ గెలుస్తరా?"

"గెలుస్త."

"అయితె ఇంకో ఇటుక చూడాలె."

"అలిసిపోయిన నజ్మా."

"మానెయ్యుండ్రి మరి."

"మానేస్తె ఈ ఇరవై మూడు ఎవరు దించుతరు?" అన్నడు గౌస్. ఆమె కోటు గుండీ పెట్టి టిఫిన్ డబ్బా చేతిల పెట్టింది.

ఆ రోజు కేసు లస్మయ్యది. గాంధారి దిక్కు మనిషి. దేవేందర్ సేటు బియ్యం మిల్లుల ఇరవై రెండేండ్ల హమాలీ. పేర్చిన బస్తాలు ఒరిగి ఆయన మీద పడ్డయి, నడుము ఇరిగింది. ఆపరేషన్ అయితె మళ్ళ నిలబడతడని డాక్టర్లు అన్నరు. పరిహారం వస్తెనే ఆపరేషన్, లేకుంటె జన్మంత మంచమే. అయితె హమాలీల పేర్లు ఏ మిల్లు రిజిస్టర్ల ఉంటయి చెప్పుండ్రి? గౌస్‌కు అదే ఆధారం. ఇట్లాంటోళ్ళ కోసం ఆయన దగ్గర ఖాయంగ ఒక కథ ఉన్నది. ఈ మనిషి మా పనోడు కాదు, బర్లకు తవుడు కొన వచ్చిండు, వద్దన్నా బస్తాల కాడికి పోయిండు. ఆయన కేసులన్ని చదివితె, ఈ జిల్లాల తవుడు కొన వచ్చినోళ్ళకు తప్ప ఇంకెవరికి దెబ్బలు తగలనట్టే ఉంటది. సిగ్గులేని కథ. ఆ సంగతి అందరికంటె ఆయనకే ఎక్కువ ఎరుక.

లేబర్ ఆఫీసుల ఇద్దరు మనుషులు లస్మయ్యను కుర్చీతో సహా ఎత్తి తెచ్చి పెట్టిండ్రు. భార్య రుక్మాబాయి వెనుక నిలబడి కొంగుతోని ఆయన చెమట తుడుస్తున్నది. ఆయన దిక్కు వకీలు గ్లోరీ మేడం, రెండేండ్ల ప్రాక్టీసు. కేసు వినే ఆఫీసర్ మేడం కళ్ళద్దాలు పెట్టుకున్నది. దేవేందర్ సేటు తెల్ల బట్టలేసుకొని మొదటి వరుసల కూసున్నడు.

గౌస్ లేచి లస్మయ్య దగ్గరికి పోయిండు. ఎడమ దిక్కు ఒంగి నడిచే నడక ఆయనది.

"మిల్లోళ్ళు నీకు కార్డు ఇచ్చిండ్రా?"

"లేదు సారు."

"చిట్టీ గాని, కాగితం గాని?"

"లేదు."

"బర్లున్నయా?"

"రెండున్నయి."

"తవుడు పెడతవా?"

"పెట్టకుంటె పాలెట్లిస్తయి సారు?"

గ్లోరీ మేడం తల పట్టుకున్నది. సేటు కాలు మీద కాలేసుకున్నడు. ఇంకొక్క ప్రశ్న అడిగి కూసుంటె అయిపోతది. గౌస్ మిల్లు రిజిస్టర్ కాగితం చూపియ్యనీకి ముందుకు వంగిండు. లస్మయ్య కాగితం చూడలే, ఒరిగిన ఆయన భుజం దిక్కు హమాలీ కంటితోని చూసిండు.

"ఎన్ని బస్తాలు సారు?"

"ఇరవై మూడు."

"అయ్యో! ఇన్నేండ్లు ఎవ్వరు దించలేదా?"

బస్తా ఎత్తుకున్నోడు తనంతట తాను దించుకోలేడు. అందుకే హమాలీలల్ల ఒక రివాజు ఉన్నది. బరువు మీదున్నోనితోని మాట్లాడొద్దు, కొట్లాడొద్దు, ముందు దించాలె. వాడు ఎవడైనా సరే. లస్మయ్య కుర్చీల నుంచే కుడి చెయ్యి చాపిండు. "నా దిక్కు ఒంగుండ్రి. ఎడమ కాలు ముందుకు. ఊపిరి బిగవట్టకుండ్రి, ఇడువుండ్రి" అని గౌస్ వీపు మీద అరచెయ్యి ఆనిచ్చి, "హుఁ" అన్నడు.

బస్తాలు ధబ్ ధబ్‌మని ఒకదాని మీద ఒకటి నేల మీద పడ్డయి, అందరి కండ్లకు కనపడ్డయి. కిటికీలు అదిరినయి, వడ్ల దుమ్ము లేచి గ్లోరీ మేడంకు తుమ్ములొచ్చినయి. అటెండర్ బెంచీ జరిపి, "దారికి అడ్డం పెడితె ఎట్ల?" అని గొణిగిండు.

గౌస్ నిటారుగ నిలబడ్డడు. ఆ గదిల ఫ్యాన్ ఎంత మీద ఉన్నదో ఆయన ఏండ్ల తర్వాత చూసిండు. ప్రాణం హాయిగ, తేలికగ అయింది, ఏడుపొచ్చింది గుడ. ఆ హాయిలనే నోట్లకెళ్లి మాట జారింది.

"నీకిది ఎవరు నేర్పిండ్రు లస్మయ్యా?"

జవాబు తెలియని ప్రశ్న ముప్పయ్యేండ్లల్ల ఆయన ఎన్నడూ అడగలే.

"సేటు వాళ్ళ బాపు నేర్పిండు సారు. నేను మిల్లుల చేరిన మొదటి రోజు నా వీపు మీద గిట్లనే చెయ్యి పెట్టి, మొదటి బస్తా ఆయనే దించిండు. సేటని చూడలే, దుమ్ము అనలే."

వెనుక కూసున్న దేవేందర్ సేటుకు తండ్రి యాదికొచ్చినట్టున్నది. కండ్లు చెమ్మగిల్లినయి. "అవును మేడం! మా బాపు గంత మంచోడు. మిల్లుల ఎవ్వడు చేరినా మొదటి బస్తా ఆయనే దించేది. ఈ లస్మయ్యది గుడ నేను కండ్లార చూసిన" అన్నడు. అన్నంక నోరు మూసుకున్నడు గని, లస్మయ్య మిల్లు పనోడేనన్న మాట బయటపడ్డది.

ఆఫీసర్ మేడం కళ్ళద్దాలు తీసింది. "వకీలు గారూ, ఇది రాసుకోవచ్చునా? మీకేమన్న అభ్యంతరమా?"

సేటు గౌస్ దిక్కు గుడ్లురిమి చూస్తున్నడు. అభ్యంతరం చెప్పుడు ఎంతసేపు? సేటు సాక్షి కాదు, ప్రమాణం చెయ్యలే, ఆ మాట చెల్లదు అంటె అయిపాయె. పెదవుల దాక వచ్చింది. అప్పుడే ఎడమ భుజం మీద ఏందో ఒరిగినట్టయింది, ఇరవై నాలుగోది వచ్చి చూస్తున్నట్టు. కుర్చీ వెనుక రుక్మాబాయి కొంగు నోట్ల కుక్కుకొని ఆయననే చూస్తున్నది.

"రాసుకోండ్రి మేడం. నాకింక ప్రశ్నలు లేవు" అన్నడు గౌస్.

గేటు కాడ సేటు ఫైలు గుంజుకున్నడు. "ముసలోళ్ళయిండ్రు వకీల్ సాబ్" అన్నడు. "అవును" అన్నడు గౌస్. వారం తిరగకముందే మిగిలిన మిల్లోళ్ళు గుడ ఫైళ్ళు తీసుకపోయిండ్రు. బస్సుల రాజ్‌కుమార్ కిటికి సీటు చూపెట్టిండు. నజ్మా ఇరవై మూడు ఇటుకలు తీసి పెరట్ల తులసి గద్దె కట్టుకుంటనన్న పక్కింటామెకు ఇచ్చేసింది.

పరిహారం వచ్చింది, ఆపరేషన్ అయింది. ఒక ఆదివారం గౌస్ ఆటోల గాంధారి పోయిండు. లస్మయ్య మంచం పట్టె మీద కూసొని ఉన్నడు. డాక్టర్లు లేవమన్నరట గని, మూడు రోజుల నుంచి భయానికి లేస్తలేడట.

గౌస్ పక్కన కూసొని తన ఎడమ భుజం ఇచ్చిండు.

"ఊపిరి బిగవట్టకు లస్మయ్యా, ఇడువు."

లస్మయ్య ఆ భుజం మీద బరువంత వేసి లేచిండు.

"బరువైతున్ననా సారు?"

"నువ్వెంత? ఒక్క బస్తా గుడ లేవు" అన్నడు గౌస్. ఇద్దరు కలిసి గడప దాక నడిచిండ్రు.