మొక్కల దగ్గర ఆగిన మాస్టారు

రెండో అంతస్తు మెట్ల దగ్గర కుండీల్లో మొక్కలు పెంచే ఆవిడంటే డ్రైవింగ్ మాస్టారి భార్యకు ఒళ్లు మంట. ఆవిడ చేసిన పాపమేమీ లేదు. కానీ మూడో అంతస్తులో మిషను తొక్కుకుంటూ బట్టలు కుట్టే ఈమెకు, సాయంత్రం ఇంటికొచ్చే మొగుడి అడుగుల చప్పుడు రోజూ ఆ కుండీల దగ్గరే ఆగిపోవడం వినిపించేది. "ఈ ఆకు పేరేంటండీ?" అని మాస్టారి గొంతు, ఆ వెంటనే ఆవిడ ఏకధాటి ఉపన్యాసం. ఇంట్లో ఉన్న ఒక్క మొక్కకీ చెంబెడు నీళ్లు పోయని మనిషికి ఉన్నట్టుండి ఈ పిచ్చేమిటని ఆమె లోలోపల కుతకుతలాడేది. అడగాలంటే నామోషీ. ఈ వయసులో ఆ మాట నోటితో ఎలా అంటుంది?

అలాంటి రోజుల్లో మాస్టారికి నడుము పక్కన నొప్పి వచ్చింది. కిడ్నీలో రాయేమోనని స్కాన్ తీయించారు. రాయి ఉంది, చిన్నదే, దానంతటదే పోయింది. కానీ ఆ స్కాన్‌లోనే ఇంకొకటి బయటపడింది. గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం మోసుకెళ్లే పెద్ద నాళం పొట్టలో ఒకచోట గోడ బలహీనపడి, బుడగలా ఉబ్బి ఉంది.

"అది పగిలితే?" అనడిగింది మాస్టారి భార్య.

రక్తనాళాల డాక్టరమ్మ చూడ్డానికి కాలేజీ పిల్లలా ఉంది గానీ, మాట తూకం వేసినట్టు ఉంటుంది. "పగిలితే ప్రాణానికే ప్రమాదమమ్మా. అందుకే ముందే సరిచేద్దాం. కానీ నా బెంగ ఆ ఉబ్బు ఒక్కదాని గురించే కాదు. ఇది ఉన్న చాలామందికి గుండె నాళాలు, మెదడుకెళ్లేవి, కాళ్లలోవి కూడా పూడుకుపోతుంటాయి. ఇక్కడ బాగుచేస్తుండగా గుండె మొరాయిస్తే? ఎవరికి ఏం రావచ్చో ముందే అంచనా కట్టుకోవాలి. కాబట్టి నేనడిగేవాటికి నిజాలే చెప్పండి. సిగరెట్లు?"

"ఎప్పుడైనా ఒకటి," అన్నారు మాస్టారు.

భార్య దగ్గింది.

"రోజుకో పెట్టె," అని సవరించుకున్నారు.

"మెట్లెక్కితే ఛాతీలో ఏమైనా ఇబ్బంది?"

"అబ్బే! మూడంతస్తులూ చకచకా ఎక్కేస్తాను."

ఆమె ఇక పట్టలేకపోయింది. "ఎక్కడండీ ఎక్కేది? రెండో అంతస్తులో మొక్కలావిడ దగ్గర దిగబడిపోతారుగా! కబుర్లయితే గానీ కాలు కదలదు."

అన్నాక నాలుక కరుచుకుంది. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నది డాక్టరు ముందు వెళ్లగక్కేసింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. రాస్తున్న కలం పక్కన పెట్టింది.

"రోజూ అక్కడే ఎందుకాగుతారు మాస్టారూ?"

నేర్చుకునేవాళ్ల మీద కారు అద్దాలు అదిరేలా అరిచే మనిషి నీళ్లు నమిలారు. "అక్కడికొచ్చేసరికి ఛాతీ బిగపట్టేస్తుందండీ. కాసేపు నిలబడితే వదిలేస్తుంది. ఊరికే రొప్పుతూ నిలబడితే ఎవరైనా చూస్తారు, ఇంట్లో తెలిస్తే కంగారు పడుతుంది. ఆవిడని ఒక్క మాట అడిగితే చాలు, నాకు ఊపిరందేదాకా ఆవిడే మాట్లాడుతుంది."

భార్య ఆయన వంక అలాగే చూసింది. కోపం రావాలో, ఏడుపు రావాలో, హమ్మయ్య అనుకోవాలో ఆమెకే తెలియలేదు. మూడూ ఒకేసారి వచ్చాయి. పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మీరు చెప్పకపోతే నా అంచనా తప్పిపోయేదమ్మా. ముందు గుండె సంగతి చూద్దాం," అంది డాక్టరమ్మ.

పరీక్షల్లో గుండె నాళమొకటి బాగా సన్నబడి ఉందని తేలింది. దానికి స్టెంట్ వేశారు. మాస్టారు సిగరెట్లు మానేశారు. డాక్టరమ్మ చెప్పినన్ని వారాలు ఆగాక, పొట్టలోని ఉబ్బు బాగుచేసే రోజు వచ్చింది. "గుండె లయ కాస్త తప్పే అవకాశం ఉంది. భయపడకండి, కాచుకునే ఉంటాం," అని ముందే చెప్పి లోపలికి తీసుకెళ్లారు.

వరండాలో బెంచీ మీద మాస్టారి భార్య ఒక్కతే గోళ్లు కొరుక్కుంటుంటే, పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే మొక్కలావిడ!

"అన్నయ్యగారికి ఎలా ఉంది వదినగారూ?" ఆవిడ కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి. "పాపం, ఆయనకి మతిమరుపు కూడా వచ్చింది కదండీ. మీకు చెప్పాలా వద్దా అని ఎంత మథనపడ్డానో!"

"మతిమరుపేమిటి?"

"ఒకటే ఆకు పట్టుకుని రోజూ పేరడుగుతారండీ! మనసు నొచ్చుకుంటుందని నేనూ రోజూ కొత్తగా మొదట్నుంచీ చెప్తున్నాను."

మాస్టారి భార్య ముందు ఆపుకుందామని చూసింది. లాభం లేకపోయింది. నర్సు తొంగిచూసేంత గట్టిగా పగలబడి నవ్వింది. అసలు సంగతి చెప్పాక మొక్కలావిడ కూడా బెంచీ పట్టుకుని మరీ నవ్వింది.

డాక్టరమ్మ అన్నట్టే, ఆపరేషన్ అయ్యాక గుండె లయ కొంచెం తప్పింది. మందు సిద్ధంగానే ఉంది. తెల్లారేసరికి దారికొచ్చింది. పొట్టలోని నాళం లోపల కొత్త గొట్టం కుదురుగా కూర్చుంది.

చూడ్డానికొచ్చిన మాస్టారి తమ్ముడు మంచం పక్కన ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "నన్ను చూడు అన్నయ్యా. ఈ ఒంటికి ఇంతవరకూ సూది పోటే తెలీదు."

డాక్టరమ్మ కాగితంలోంచి తలెత్తింది. "తమ్ముడుగారా? మంచి సమయానికొచ్చారు. ఇది తోడబుట్టినవాళ్లలోనూ కనిపిస్తుంటుంది. ఇప్పుడే స్కాన్ తీయించేసుకోండి."

తమ్ముడి ముఖంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. "నాకు కొంచెం పనుంది, రేపు..."

"పద మరిదీ," అంటూ వదిన అతని చెయ్యి పట్టుకుంది. మంచం మీది మాస్టారికి నవ్వితే కుట్లు లాగాయి, అయినా నవ్వారు.

స్కాన్ గది నుంచి తమ్ముడు మళ్లీ ఛాతీ విరుచుకునే వచ్చాడు. "ఏమీ లేదట వదినా! చెప్పానా?"

"చెప్పావులే. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నావు, సరిగ్గా పెట్టుకో," అందామె, నవ్వుతూ.