హమ్దా ఇంట్లో అనకూడని మాట

ఉమ్ బత్మా ఊళ్ళో తెల్లవారిందంటే అందరికంటే ముందు హమ్దా రోలు చప్పుడే వినబడేది. పెనం మీద కాఫీ గింజలు వేయించి, ఆరనిచ్చి, నాలుగు యాలక్కాయలు చేర్చి చెక్క రోట్లో దంచేది. ఆ దంపుడుకి ఒక వరస ఉంది. రోకలి అడుగున పడి, మళ్ళీ లేచేటప్పుడు అంచుకి తగలాలి. ఆ చప్పుడు దారిన పోయేవాడికి కూడా పిలుపే. కెరక్ కొండల్లో కాఫీకి రమ్మని ఎవరూ ఎవరికీ వేరే చెప్పి పంపరు.

కాఫీ కాగాక మొదటి కప్పు తనే తాగేది. ఇంటివాళ్ళు ముందు గుటక వేస్తేనే వచ్చినవాళ్ళకి ధీమా. ఆ తర్వాత కాఫీ కెటిల్ పట్టుకుని అతిథుల గదిలోకి వెళ్ళి, గోడ గూట్లో ఉన్న కప్పు ఎదుట కూర్చుని, దాని పొగ మీద రెండు అరచేతులూ కాచుకునేది. ఆమె వేళ్ళ కీళ్ళకి ఆ వేడి పడేది.

గూట్లో కప్పులోని కాఫీ ఆ రోజుది కాదు. పదేళ్ళ పైమాటే, ఫలాహ్ అనే పెద్దాయన తాగకుండా పెట్టి వెళ్ళిన కాఫీ అది. ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

ఊళ్ళో ఎవరికీ అది వింత కాదు. హమ్దా కోడలు ఖితామ్ రొట్టెల పిండి కలిపి దాని పక్కనే పెట్టేది, చక్కగా పులిసేది. పడిశం పట్టిన పిల్లల్ని తల్లులు తెచ్చి ఆవిరి పట్టించుకుని పోయేవాళ్ళు. మంచు పడే రోజుల్లో కూడా ఆ గదిలో కుంపటి వెలిగించే పని లేదు. ఖితామ్ బాధల్లా ఒకటే.

"అత్తా, గూట్లో దుమ్ము పేరుకుపోయింది. కాస్త పక్కకి జరిపి తుడిచేస్తా."

"అతిథి కప్పు అతిథే ఎత్తాలి. నీ తుడుపుడు ఎవరిక్కావాలి గానీ, వెళ్ళి రొట్టెలు చూడు."

ఈ సంగతి తెలియాలంటే ఫవ్వాజ్ సంగతి చెప్పాలి. హమ్దాకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ధియాబ్, ఖితామ్ మొగుడు, తండ్రి లేని ఆ ఇంటికి పెద్ద. చిన్నవాడు ఫవ్వాజ్. పక్కింటి నౌఫా కొడుకు రాకానూ, ఫవ్వాజూ ఒకే ఈడు వాళ్ళు. ఇద్దరి ఇళ్ళ మధ్య నడుమెత్తు రాతిగోడ. మగవాళ్ళు పనుల మీద వెళ్ళాక నౌఫా ఆ గోడ దాటి వచ్చేది, ఆడవాళ్ళిద్దరూ ఒక కెటిల్ ఖాళీ చేసేవాళ్ళు. ఊళ్ళో ఎవరి గుట్టయినా ఆ కెటిల్ అడుగంటేలోపు బయటపడాల్సిందే.

ఒకరోజు రాకాన్ ట్రాక్టర్ తోలుతుంటే ఫవ్వాజ్ పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని వెళ్ళాడు. కొండ వాలులో ట్రాక్టర్ బోల్తా పడింది. రాకాన్ బతికాడు. ఫవ్వాజ్ బతకలేదు.

మా దగ్గర, ప్రాణం కావాలని తీసినా పొరపాటున పోయినా ఒకటే లెక్క. ఎవరి చేతిలో పోయిందో వాళ్ళ ఇంటిల్లిపాదీ ఆ పూటే ఊరు విడవాలి. చచ్చినవాడి ఇంటివాళ్ళు మన్నించేదాకా వాగు మీది వంతెన దాటి ఇటు అడుగు పెట్టకూడదు. నౌఫా పొయ్యి మీది కుండ పొయ్యి మీదే వదిలేసి వెళ్ళింది.

కొన్నాళ్ళకి వాళ్ళ తరఫున పెద్దమనుషులు వచ్చారు, ఫలాహ్‌ని ముందు పెట్టుకుని. అడగడానికి వచ్చిన పెద్దలు ఇచ్చిన కాఫీ తాగరు. కప్పు ముందు పెట్టుకుని వచ్చిన పని చెబుతారు. ఇంటాయన "మీ కాఫీ తాగండి" అన్నాడా, అడిగింది ఇచ్చేసినట్టే, ఆ మాటకి తిరుగు లేదు. అనకపోతే కాఫీ చల్లారుతుంది. చల్లారితే వాళ్ళు లేచిపోతారు, పని చెడినట్టు. కొన్నాళ్ళాగి మళ్ళీ ఇంకెవరినో వెంటబెట్టుకు రావచ్చు.

ఆ రోజు ఫలాహ్ కప్పు గూట్లో పెట్టి, "ధియాబ్, ఆ పిల్లాడు కావాలని చేసింది కాదు. వాళ్ళని ఇంటికి రానివ్వు" అన్నాడు. ధియాబ్ లోపలి తెర వైపు చూశాడు. తెర వెనక హమ్దా నిలబడి ఉంది. ఆమె ఒక్కసారి దగ్గి ఉంటే చాలు, ధియాబ్ ఆ మాట అనేసేవాడు. ఆమె దగ్గలేదు. కాఫీ చల్లారే ఉంటుందనుకుని పెద్దలు తలలు వంచుకుని వెళ్ళిపోయారు. మర్నాడు ఖితామ్ కప్పులు కడగబోతే గూట్లోది ఇంకా వేడిగా ఉంది. ఆ మర్నాడూ అంతే.

అక్కడ వచ్చింది చిక్కు. చల్లారితే ఇంకో జట్టు రావచ్చు. చల్లారలేదు, అంటే ముందు వచ్చినవాళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నట్టు. ఒకళ్ళు అడుగుతుండగా మధ్యలో ఇంకొకళ్ళు దూరడం మర్యాద కాదు గదా. ఫలాహ్ కాలం చేశాడు. కప్పు అడుగుతూనే ఉంది. నౌఫా ఇల్లు తాళం పడి తుప్పు పట్టింది, వాళ్ళ ఆలివ్ చెట్లు దులిపే దిక్కు లేక కాయలు నేల రాలాయి.

అప్పట్నుంచీ హమ్దా ఇంట్లో "కాఫీ తాగండి" అనే మాట లేదు. పొరపాటున నోరు జారితే ఆ గూట్లో కప్పుకి తగులుతుందని భయం. ఎవరొచ్చినా కప్పు చేతికిచ్చి ధియాబ్ గడ్డం పైకెత్తి సైగ చేసేవాడు. ఖితామ్ అయితే "ఊఁ, కానివ్వండి" అనేది. "ధియాబ్ ఇంట్లో కాఫీ దొంగతనంగా తాగినట్టుంటుంది" అని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు, ఆయన ముందు కాదు.

ఇలా ఉండగా నౌఫాకి మతిమరుపు వచ్చిందని కబురు వచ్చింది. ఏ ఊళ్ళో ఉన్నదీ తెలియదట. తెల్లవారగానే శాలువా కప్పుకుని "మా ఇంటికి పోవాలి" అని వీధిలోకి నడుస్తుందట. రాకాన్ తిప్పి తీసుకొచ్చి కూర్చోబెడితే ఏడుస్తుందట. ధియాబ్ ఒక పొద్దున తల్లి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఆవిడ ఆఖరి రోజులైనా సొంతింట్లో గడపనిద్దామా? నువ్వు ఊఁ అంటే చాలు."

"కప్పు వేడిగానే ఉందిగా," అంది హమ్దా అరచేతులు కాచుకుంటూ. "తొందరేముంది?"

"దానికి తొందర లేదమ్మా. నౌఫా అత్తకి ఉంది."

హమ్దా అరచేతులు కప్పుకి ఇంకాస్త దగ్గరికి జరిపింది. ఆమె మనసులో మాట పైకి అనేది కాదు. ఆ కప్పు వేడిగా ఉన్నంతకాలం ఫవ్వాజ్ సంగతి ఇంకా తేలలేదు. తేలని సంగతి అయిపోయినట్టు కాదు. ఎవరో ఇంకా వాడి గురించి అడుగుతూనే ఉన్నారు, ఈ ఇల్లు ఇంకా వాడి గురించి జవాబు చెప్పాల్సి ఉంది. రోజూ పొద్దున్నే ఆమె కాచుకునేది ఒట్టి కాఫీ వేడి కాదు.

ఆలివ్ కాయలు దులిపే రోజులు వచ్చాయి. ఒక పొద్దున ధియాబ్ తోటకి వెళ్ళాడు. హమ్దా రోకలి పక్కన పెట్టి కెటిల్ పొయ్యి మీంచి దించుతుంటే, రాతిగోడ అవతల చెప్పుల చప్పుడైంది.

"ఏంటి వదినా, ఇంకా కాగలేదా? ఎంతసేపూ?"

నౌఫా గోడ దాటి వచ్చింది. శాలువా తిరగేసి కప్పుకుంది. కాళ్ళకి ఒకటి తన చెప్పు, ఒకటి ఎవరిదో మగవాళ్ళది. తెల్లారకముందే బస్సెక్కి, వంతెన మీదుగా నడిచి, దారి తప్పకుండా వచ్చేసింది. ఊరి పేరు మరిచిపోయిన మనిషి కాళ్ళకి ఈ గుమ్మం గుర్తుంది.

నౌఫా సరాసరి అతిథుల గదిలోకి వెళ్ళి, తనకి అలవాటైన చోట, గూటి పక్కన కూలబడింది. హమ్దా కెటిల్ పట్టుకునే వెనక వెళ్ళింది. ఖితామ్ పిండి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఫవ్వాజ్ లేచాడా వదినా? ఇంకా పడుకునే ఉన్నాడా, నిద్రమొహం?"

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరు పలికినా గొంతు తగ్గించి పలికేవాళ్ళు. ఇంత మామూలుగా ఎవరూ అడిగి ఎరగరు.

"లేచాడు," అంది హమ్దా. నోరు దానంతటదే అనేసింది.

"ఏడీ మరి?"

"పొలానికి వెళ్ళాడు."

"ఎవరితో?"

హమ్దా కెటిల్ కింద పెట్టింది. ఖితామ్ పిండి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీవాడితోనే," అంది హమ్దా. "ట్రాక్టర్ మీద."

"మావాడితోనా," నౌఫా మొహం విచ్చుకుంది. "అయితే దిగులు పడకు. మావాడు మెల్లిగా తోల్తాడు. ఫవ్వాజ్‌ని ఎక్కించుకుంటే మరీను. ఎక్కడ పడిపోతాడోనని వాడికి ప్రాణం గిజగిజలాడుతుందట. నాతో చెప్పాడు."

హమ్దాకి ఇన్నేళ్ళూ ఆ ట్రాక్టర్ మీద ఒక్కడే కనబడేవాడు. రెండోవాడు స్టీరింగ్ పట్టుకున్న రెండు చేతులు మాత్రమే. ఆ చేతులకి ఒక మొహం ఉందనీ, ఆ మొహంలో తన కొడుకు కోసం భయం ఉండి ఉంటుందనీ ఆమెకి ఇప్పుడే తోచింది. తోచగానే ఒళ్ళంతా నొప్పి పుట్టింది.

ఈలోగా నౌఫా చెయ్యి చాపి గూట్లో కప్పు అందుకుంది. పదేళ్ళుగా ఎవరూ ముట్టని కప్పు. రెండు చేతులా పట్టుకుని హమ్దా వైపు చూస్తూ కూర్చుంది. పాతకాలం మనిషి, ఇంటివాళ్ళు తాగమనందే పెదవికి తాకించదు.

ధియాబ్ రొప్పుతూ వచ్చాడు. "అమ్మా, రాకాన్ వంతెన అవతల నిలబడ్డాడు. వాళ్ళమ్మ కనబడటం లేదట. ఇటు రాకూడదు, వెనక్కి పోలేడు, అందర్నీ పేరు పేరునా బతిమాలుతున్నాడు..." అంటూ లోపలికి చూసి ఆగిపోయాడు.

అప్పుడెప్పుడో తెర వైపు చూసినట్టే తల్లి వైపు చూశాడు. ఇప్పుడు తెర లేదు.

హమ్దాకి అంతా తెలుసు. ఆ మాట అంటే కొడుకు సంగతి తేలిపోతుంది. వాడు నిజంగా పోతాడు. అనకపోతే నౌఫా చేతిలోంచి కప్పు లాక్కుని, ఆమెని మళ్ళీ వంతెన దాటించి పంపాలి.

"చెయ్యి కాలుతోంది వదినా," అంది నౌఫా. "తాగమంటావా, పెట్టేయమంటావా?"

హమ్దా ఆమె పక్కన కూర్చుంది. తిరగబడిన శాలువా విప్పి సరిగ్గా కప్పింది.

"తాగు నౌఫా," అంది. "నీ కాఫీ తాగు."

నౌఫా మెల్లిగా తాగింది. ఇంక చాలని కప్పు అటూ ఇటూ ఊపి హమ్దా చేతికిచ్చింది. "యాలకులు కాస్త ఎక్కువేశావు," అంది. హమ్దా చేతిలో కప్పు కడిగి బోర్లించిన కప్పులా చల్లగా ఉంది. గదిలోకి చలి వచ్చింది. ఖితామ్ కుంపటి కోసం వెళ్ళింది.

పెద్దల కప్పు ఆడమనిషి తాగితే చెల్లుతుందా చెల్లదా అని ఊరి మగవాళ్ళు తర్వాత గడ్డాలు పీక్కున్నారు. ధియాబ్ అవేం వినలేదు. వంతెన దాకా తనే నడిచి వెళ్ళి, అవతలికి దాటి, రాకాన్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఇంటి గుమ్మం దాకా ఆ చెయ్యి వదల్లేదని చూసినవాళ్ళు చెప్పారు.

ఇద్దరూ లోపలికి రాగానే హమ్దా రోట్లో మళ్ళీ గింజలు పోసింది. "పెద్ద కెటిల్ తియ్యి ఖితామ్," అంది. "జనం వస్తారు."

నెత్తుటి సంగతి తేలనిదే చావింటికి పరామర్శకి వెళ్ళకూడదు. ఫవ్వాజ్ పోయినప్పుడు ఆ ఇంటికి ఎవరూ వెళ్ళలేదు. ఆ రోజు పొద్దు వాలాక, మూడో నమాజు అయ్యాక ఊరంతా వచ్చింది. పదేళ్ళు ఆలస్యమైందని ఎవరూ అనలేదు. "దేవుడు మీకు ఓర్పునివ్వాలి" అని ఒక్కొక్కరే ధియాబ్‌తో అని కూర్చున్నారు. వచ్చినవాళ్ళకి కాఫీ పోయాల్సింది ఇంటి కుర్రవాళ్ళు. ఆచారం ప్రకారం కెటిల్ ఎడం చేత్తో, కప్పు కుడి చేత్తో పట్టుకుని రాకాన్ పోశాడు. తలెత్తకుండా పోస్తుంటే కొందరి చేతుల మీద ఒలికింది, ఎవరూ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

లోపల ఆడవాళ్ళు హమ్దా చుట్టూ చేరారు. నౌఫా ఆమె పక్కనే కూర్చుని నల్లబట్టల్ని ఒక్కొక్కటే చూసి, చెవి దగ్గరికి వంగింది.

"ఎవరు పోయారు వదినా?"

హమ్దా ఆమె మొహంలోకి చూసింది.

"మన పిల్లాడు," అంది.

ఏ పిల్లాడని నౌఫా అడగలేదు. హమ్దా తలని తన ఒళ్ళోకి లాక్కుని, కొడుకు పోయిన తల్లి ఎలా ఏడుస్తుందో అలా గొంతెత్తి ఏడ్చింది. కాసేపటికి హమ్దా కూడా ఏడవడం మొదలుపెట్టింది.