ఫిల్టర్ అవతలి కుళాయి

మా తమ్ముడు కనకయ్య ఫ్యాక్టరీ నీళ్లలో తిరుగుతున్నాడు. బురద ట్యాంకు కడగమని మాస్కు కూడా ఇవ్వకుండా దించారు, అందులోనే కరిగిపోయాడు. ఆ నీళ్లను వడకట్టే ఫిల్టర్ దగ్గరే నా డ్యూటీ.

మాది మందుల ఫ్యాక్టరీ. వాడిన నీళ్లు శుభ్రం చేసి మళ్లీ వాడుకుంటారు. ఒక్క చుక్క కూడా గేటు దాటకూడదని రూలు. అందుకే తమ్ముణ్ణి ఇంటికి పంపడం కుదరదంటాడు మేనేజర్ దివాకర్ సార్. షిఫ్టు దిగేటప్పుడు మా కొంగులు పిండించి, ఆ చెమటను కూడా బకెట్లో పట్టుకుంటారు.

కనకయ్య బాయిలర్లోకి వెళ్తాడు, ఆవిరై పైపులన్నీ తిరుగుతాడు, నేల కడిగి మళ్లీ నా దగ్గరికే వస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఫిల్టర్లోని ఇసుక అతనిలోంచి ఏదో ఒకటి పట్టుకుంటుంది. మొదట బీడీ వాసన పోయింది. తర్వాత కుంటి నడక పోయింది. నిన్న ఇసుక కడుగుతుంటే మా అమ్మ ముఖం తేలింది. దాన్ని ఎండబెట్టి, సంచిలో కుట్టి, చెత్త లారీలో వేశారు.

ఇవాళ పైపుకు చెవి ఆనించి వింటాను.

"అక్కా, నన్ను ఇంటికి తోల్కపో," అంటాడు.

గొంతు మరీ తేటగా ఉంది. ఇంకోసారి వడకడితే అక్క అన్న మాట కూడా ఇసుకలోనే ఉండిపోతుంది. ఈలోపే తీసుకెళ్లాలి.

మా దగ్గర తనిఖీకి రెండు పద్ధతులున్నాయి. నీళ్లు మంచివో కావో తేల్చడానికి చివరి తొట్టిలో చేపలు వదులుతారు. అధికారులు వస్తే ఫిల్టర్ మీద ఉన్న మనిషి ఆ నీళ్లు తాగి చూపించాలి. వాళ్లు వచ్చిన ప్రతిసారీ గుక్కెడు నోట్లో పోసుకుని, చాటుకు వెళ్లి ఉమ్మేసేదాన్ని. ఇవాళ అధికారుల ముందు గ్లాసు మీద గ్లాసు తాగుతూనే ఉంటాను. నీళ్ల ట్యాంకు అడుగు కనిపించేదాకా ఆపను. దివాకర్ సార్ సంతోషంగా చప్పట్లు కొడతాడు.

గేటు దగ్గర కాపలా ఉండే సత్తెమ్మ నా పొట్టకు చెవి ఆనిస్తుంది.

"అక్కా, లోపట ఎవలున్నరు?"

"మా తమ్ముడు."

"సాఫ్ అయిండా?"

"అయిండు," అంటాను. అప్పుడు గుర్తొస్తుంది. అలవాటు కొద్దీ గ్లాసును ఫిల్టర్ అవతలి, వడకట్టిన నీళ్లొచ్చే కుళాయి కిందే పెట్టాను.

లోపల నీళ్లు కదులుతాయి.

"ఎవరమ్మా మీరు?" అని అడుగుతాడు కనకయ్య.

సత్తెమ్మ తన పని తాను చేసుకుపోతుంది. తొట్టిలోంచి చిన్న చేపలు తెచ్చి, నా కంటికొకటి వదులుతుంది. సైరన్ మోగేదాకా అవి బతికుంటే నీళ్లు మంచివేనని, సార్‌కు చెప్పకుండా మమ్మల్ని పోనిస్తానంటుంది.

చేపలు నల్లగుడ్ల చుట్టూ తిరుగుతున్నాయి. ఇవి మంచినీళ్ల చేపలు, ఉప్పు తగిలితే చచ్చిపోతాయి. మనం ఎవరింటికి పోతున్నామని కనకయ్య మర్యాదగా అడుగుతూనే ఉన్నాడు. నేను కళ్లు తెరుచుకుని, ఏడవకుండా నిలబడి ఉన్నాను.