వేడినీళ్ళ వాల్వు మీద ఎర్ర తాళం

మా ఆఫీసు గోడవతల ఇస్త్రీ బండి పెట్టుకున్న నూకాలమ్మ వీధిలో నలుగురికీ చెప్పిందట: "ఆ వేడినీళ్ళ కంపెనీ ఉంది సూడండి, అందులో పనోళ్ళని ట్యాంకులోకి దింపీసి తాళం ఏసేత్తారంట. పని అయ్యేదాకా తియ్యరంట." ఆ మాట టీకొట్టు దాటి, కిరాణా కొట్టు దాటి, మా స్టోరు గదికి వచ్చేసరికి మనుషుల్ని గొలుసులతో కట్టి పని చేయిస్తారన్నంత వరకు వెళ్ళింది. స్టోరు చూసే కరుణకుమారి ఆ సంగతి చెప్పుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నూకాలమ్మ చెప్పిన ఆ తాళం నేనే.

నేను ఒక ఎర్ర తాళంకప్పను. ఒళ్ళు ప్లాస్టిక్కు, మెడ ఉక్కు. నేను మనుషుల్ని బంధించను, నీళ్ళను బంధిస్తాను. విశాఖపట్నంలో హోటళ్ళకూ ఆసుపత్రులకూ బాయిలర్లు పెట్టి, పైపులు వేసి, వేడినీళ్ళు ఏర్పాటు చేసే కంపెనీ మాది. వేడినీళ్ళ ట్యాంకుల్లో ఏడాది తిరిగేసరికి సున్నపు గార మందంగా పడుతుంది. దాన్ని గోకడానికి ట్యాంకు ఖాళీ చేసి మనిషి లోపలికి దిగాలి. దిగేముందు కింద బాయిలర్ గదిలో వాల్వు మూసి, దాని చక్రానికి గొలుసు చుట్టి, నన్ను తగిలిస్తారు. తాళంచెవి దిగినవాడి జేబులోనే ఉండాలి. వాడు పైకొచ్చి తన చేత్తో తీసేదాకా ఆ చక్రం తిరగకూడదు. తిరిగిందంటే పొగలు కక్కే నీళ్ళు వాడి నెత్తిన పడతాయి. నేను ఊడితే లోపలివాడు ఉడికిపోతాడు. నా ఉద్యోగం మొత్తం అంతే.

పుట్టింది అలీగఢ్‌లో. మా కులంలో మామూలు తాళాలకు రెండేసి, మూడేసి చెవులు ఉంటాయి. బీరువాలకూ దుకాణాలకూ పోయి సుఖంగా బతుకుతాయి. నాకు ఒక్కటే చెవి. నన్ను చేసినవాళ్ళు మనుషుల్ని బాగా ఎరిగినవాళ్ళని అప్పుడే అనుకున్నాను.

నలభైమందిమి ఒకే పెట్టెలో రైలెక్కి వచ్చాం. నన్ను మొదట అందుకున్నది పెంటయ్య అనే ముసలి ఫిట్టరు. ఆయన నన్ను చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత మంచి తాళాన్ని వాల్వుకు వేయడం వృథా అని తీర్మానించి, ఇంటికి పట్టుకుపోయి బియ్యం డబ్బాకు వేశాడు. రెండేళ్ళు నేను కోడలి నుంచి బియ్యాన్ని కాపాడాను. ఆ రెండేళ్ళూ పెంటయ్య ఏ తాళమూ లేకుండానే ట్యాంకుల్లోకి దిగాడు. బియ్యానికున్న భద్రత తనకు అక్కర్లేదనుకున్నాడు కాబోలు. ఉద్యోగ విరమణ రోజున స్టోరు సామాను అప్పగించమంటే నన్ను తుడిచి తెచ్చి ఇచ్చాడు. మా కంపెనీలో తాళం ఎవరిదో తెలియడానికి దాని మీద ఆ మనిషి ఫొటో అంటిస్తారు. నా మీదున్న ఆయన ఫొటో గీకేసి, ఫిట్టరు తవిటినాయుడి ఫొటో అంటించారు.

తవిటినాయుడు కంపెనీ రోల్సులో ఉన్న మనిషి. అతనికి పీఎఫ్ నంబరు ఉంది, ఈఎస్ఐ కార్డు ఉంది, నేనున్నాను. మా కంపెనీ నెలనెలా నాలుగు పేజీల స్టాఫ్ పత్రిక వేస్తుంది. ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరింట్లో బారసాల, ఎవరికి ఎన్నేళ్ళ సర్వీసు నిండింది, అన్నీ అందులో ఉంటాయి. చివరి పేజీలో మీకు కంపెనీ ఇచ్చే సౌకర్యాలు అని ఒక జాబితా ఉంటుంది. అందులో పీఎఫ్ తర్వాత, ఈఎస్ఐ తర్వాత, దీపావళి మిఠాయిల పెట్టె కంటే ముందు 'సొంత ఎర్ర తాళం' అని నా పేరు. ప్రాణం కాపాడే వస్తువును సౌకర్యాల్లో రాయడం నాకు వింతగానే తోచింది గాని, మిఠాయిల కంటే ముందు రాశారు కదా అని ఊరుకున్నాను.

సౌకర్యాలు రోల్సులో ఉన్నవాళ్ళకే. కాంట్రాక్టు మీద వచ్చే మనుషులకు పత్రికా లేదు, మిఠాయిలూ లేవు, తాళమూ లేదు. అయితే ట్యాంకులోకి దిగేది ఎక్కువగా వాళ్ళే. అందుకని మా కుర్రఫిట్టర్లూ ముసలి ఫిట్టర్లూ ఒక ఆనవాయితీ పెట్టుకున్నారు. వానాకాలంలో గొడుగు అరువిచ్చినట్టు, దిగేవాడికి తమ తాళం అరువిచ్చేవారు. ఫొటో ఒకరిది, ప్రాణం ఇంకొకరిది. అందరికీ తెలుసు, ఎవరూ ఎక్కడా రాయలేదు.

తవిటినాయుడు నన్ను ఎక్కువసార్లు ఇచ్చింది వాళ్ళ అక్క మొగుడు అసిరయ్యకు. అసిరయ్య ఆరేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. మాట తక్కువ, పనితనం బాగా ఎక్కువ. అతను గోకిన ట్యాంకులో అన్నం పెట్టుకు తినొచ్చని ఫిట్టర్లు అనేవారు. వాల్వుకు నన్ను వేసేముందు నా మీదున్న బావమరిది ఫొటో చూసి, "ఏరా నాయుడూ, ఇయ్యాల కూడా నువ్వే దిగుతున్నావా?" అని వెక్కిరించేవాడు. "అవును బావా, నువ్వు నా ఒళ్ళు తోముకురా," అనేవాడు ఇతను.

ఆ రోజు సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో పని. ట్యాంకు నాలుగో అంతస్తు పైన డాబా మీద, వాల్వు కింద నేలమాళిగలో. మధ్యాహ్నం ఒంటిగంటకు అసిరయ్య నన్ను గొలుసుకు వేసి, చెవి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని పైకెళ్ళి దిగాడు. తవిటినాయుడు ట్యాంకు మూత దగ్గర నిలబడ్డాడు. ఒకడు లోపల ఉంటే ఒకడు పైన ఉండి గంటకోసారి పలకరిస్తుండాలి, అది నిబంధన.

రెండున్నరకు తవిటినాయుడికి ఆఫీసు నుంచి ఫోను. ఆ వారం భద్రతా వారోత్సవం. ఆ ఏడాది ఉత్తమ భద్రతా కార్మికుడు తవిటినాయుడేనట. మూడు గంటలకు సన్మానం, వెంటనే రమ్మన్నారు. పత్రికకు ఫొటో కావాలి కాబట్టి ఇస్త్రీ చొక్కా వేసుకు రమ్మన్నారు. అతను ట్యాంకు మూతలోకి వంగి చెప్పాడట.

"బావా, ఆఫీసుకి ఎల్లి ఒచ్చేత్తాను. నాకేదో గోడగడియారం ఇత్తారంట."

"దేనికి?"

"జాగ్రత్తగా ఉన్నందుకు."

లోపలి నుంచి అసిరయ్య నవ్వు గంట కొట్టినట్టు వినిపించిందట. "ఎల్లు, ఎల్లు. మూడున్నరకి నాను కూడా అయిపోతాను."

ఆ విధంగా, జాగ్రత్తగా ఉన్నందుకు బహుమతి ఇవ్వడానికి జాగ్రత్తగా ఉండాల్సినవాణ్ణి అక్కణ్ణుంచి తీసుకుపోయారు.

అసిరయ్యకు మూడున్నరకు పని అవలేదు. గార రాయిలా పట్టి ఉంది. నేను మాత్రం కింద చీకట్లో గొలుసు పట్టుకుని ఉన్నాను. నాలుగు గంటలకు హోటల్లో పెళ్ళివారు దిగారు. మూడు బస్సులు. అందరూ ఒకేసారి స్నానాలకు వెళ్ళారు. గదిగదికీ చన్నీళ్ళే. హోటల్ ఇంజనీరు పరుగున నా దగ్గరకొచ్చి, నా మీద ఫొటో చూసి, మనిషిని డాబా మీదకు పంపాడు. ఆ మనిషి మెట్ల తలుపు దగ్గర నుంచే చూసి, మూత దగ్గర ఎవరూ లేరని వచ్చి చెప్పాడు. నిజమే, ఎవరూ లేరు. గీకుడు వినిపించాల్సిందే గాని, కింద పెళ్ళి బ్యాండు మొదలైంది.

ఇంజనీరు మా మేనేజరు సత్యప్రసాద్‌కు ఫోను చేశాడు. ఆఫీసులో జరిగింది నేను చూడలేదు. తర్వాత స్టోరు గదిలో మేకుకు వేలాడుతూ కరుణకుమారి నోట పదిసార్లు విన్నాను. ఆవిడ ఒక్క మాటా మింగకుండా చెబుతుంది, కాబట్టి చూసినట్టే.

తవిటినాయుడు వేదిక మీద ఉన్నాడు. మెడలో దండ, ఒళ్ళో గోడగడియారం. సత్యప్రసాద్ మైకు పక్కన పెట్టి, ఫోను చేత్తో మూసి, "ఏం నాయుడూ, హోటల్ వాల్వు మీద నీ తాళం ఉందట. పని అయిపోయిందా?" అని అడిగాడు.

తవిటినాయుడికి ఆ క్షణాన ఏం తట్టిందో నాకు తెలియదు. తాళం అరువిచ్చానంటే దండ తీసేయాలి. ఉత్తమ భద్రతా కార్మికుడు కాపలా వదిలి వచ్చాడని పత్రికలో వేయాలి. ఇక అప్పటికి నాలుగు దాటింది, మూడున్నరకు అయిపోతానన్నాడు కదా బావ. "అయిపోయుంటాదండి," అన్నాడు.

"మరి కోయించేయనా? పెళ్ళివాళ్ళు గొడవ చేస్తున్నారు."

నిబంధన ఏమిటంటే, తాళం కోయాలంటే తాళం తాలూకు మనిషి ఎదురుగా ఉండాలి, లేదా అతని గొంతు వినాలి, ఆ పైన స్టోరు రిజిస్టరులో సంతకం పడాలి. మనిషి ఎదురుగానే ఉన్నాడు, దండతో సహా. గొంతూ విన్నారు. నిబంధన పూర్తిగా నెరవేరింది. అంత చక్కగా నెరవేరిన సందర్భం ఆ రిజిస్టరులో ఇంకోటి లేదు. సత్యప్రసాద్ ఫోనులో, "కట్టరు తెచ్చుకోండి, సంతకం చేయిస్తున్నాను, చెప్పగానే కోసేయండి," అన్నాడు.

ఇక్కడ నా మెడ మీద కట్టరు నోరు పడింది. ఇంజనీరుకు ఆత్రం. సరిగ్గా కుదిరిందో లేదో చూద్దామని ఒక్క నొక్కు నొక్కాడు. ఉక్కులో గోరంత గంటు పడింది. నాకు నొప్పి ఉండదు. కానీ నేను తెగడానికి ఇంకెంత దూరం ఉందో నాకు బాగా తెలుసు.

అక్కడ కరుణకుమారి రిజిస్టరు తెరిచి, కలం మూత తీసి, గడుల్లో నింపుకుంటూ పోతోంది. తాళం నంబరు, మనిషి పేరు, వేళ. చివర్లో 'కోయడానికి కారణం' అని ఒక గడి. ఆవిడ ఆ గడి ఎప్పుడూ ఖాళీగా వదలదు.

"కారణం ఏం రాయను నాయుడూ? నువ్విక్కడే ఉన్నావు. చెవి ఎవరికైనా ఇచ్చి పంపితే తీసేయొచ్చుగా. పోయిందా?"

తవిటినాయుడు ఇస్త్రీ చొక్కా జేబు తడుముకున్నాడు. ఎందుకు తడుముకున్నాడో అతనికే తెలియదు, ఆ జేబులో ఏమీ ఉండదని తెలుసు. పనయ్యాక తాళం తీసి, తాళమూ చెవీ తన చేతికిచ్చి ఇంటికి పోవడం బావ అలవాటు. తాళం ఇంకా వాల్వుకే ఉంది.

"పోలేదమ్మా," అన్నాడు.

"మరేది?"

"మా బావ జేబులో ఉంది."

"మీ బావ ఎక్కడున్నాడు?"

తవిటినాయుడు లేచాడు. ఒళ్ళో గడియారం కింద పడింది. "ట్యాంకులో," అన్నాడు.

కరుణకుమారి మేనేజరు చేతిలో ఫోను అడగలేదు, లాక్కుంది. "ఆపండి. లోపల మనిషున్నాడు," అంది.

కట్టరు నా మెడ మీద నుంచి లేచింది.

పావుగంటకు అసిరయ్య తనంతట తానే మెట్లు దిగి వచ్చాడు. తలా మీసాలూ కనురెప్పలూ సున్నంతో తెల్లగా ఉన్నాయి. అప్పటికి నా చుట్టూ ఏడుగురు పోగయ్యారు. అందరూ తనవైపు అలా చూస్తుంటే, చెప్పులతో వచ్చినందుకేమో అనుకుని చెప్పులు విడిచాడు. లోపలి జేబులోంచి చెవి తీసి నన్ను తెరిచాడు. గొలుసు విప్పాడు. "తిప్పుకోండి బాబూ, తళతళలాడతంది," అన్నాడు. ఎవరూ చక్రం ముట్టుకోలేదు. అతనే తిప్పాడు. ఆ తర్వాత టీ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

వేడినీళ్ళు వచ్చాయి. పెళ్ళివారు స్నానాలు చేశారు.

మనుషులు ఒక గండం గడిచాక ఊరుకోరు, విచారణ పెట్టుకుంటారు. మర్నాడు ఉదయం పదింటికి స్టోరు గదిలోనే కుర్చీలు వేశారు. బల్ల మీద సాక్ష్యంగా నన్ను పెట్టారు. నా పక్కన రిజిస్టరు. తవిటినాయుడికి మెమో ఇచ్చారు, ఆ నెల పత్రికలో అతని ఫొటో ఆపేశారు. ఆ చోటు నింపడానికి సత్యప్రసాద్ పూలకుండీ పక్కన నిలబడి ఫొటో దిగాడు. కరుణకుమారి చేసిందేమిటో ఎక్కడ రాయాలో ఎవరికీ తెలియలేదు. గడి నింపడం ఆవిడ డ్యూటీయే కదా అన్నారు. ఆవిడ కూడా అదే అంది.

చివరకు అసిరయ్యను పిలిచారు. అతను కూర్చోలేదు. సత్యప్రసాద్ చెడ్డవాడేమీ కాదు, రాత్రి నిద్రపోలేదని కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. కాని పై ఆఫీసుకు కాగితం పంపాలి, కాగితానికి తప్పు చేసినవాడు కావాలి. "చూడు అసిరయ్యా, నీ మంచికే చెబుతున్నాను. కట్టరు ఇంకొంచెం నొక్కితే నువ్వు ఉండేవాడివి కాదు. తాళం మీద ఫొటో ఎవరిదో, లోపల మనిషి వాడే అనుకుంటాం. ఇంకొకడి తాళం వేసుకుని దిగడం చాలా పెద్ద తప్పు. తప్పని ఒప్పుకుని ఇక్కడ వేలిముద్ర వెయ్యి. నెల్లాళ్ళు పనిలోకి రావద్దు, ఆ తర్వాత చూద్దాం."

"ఏలుముద్ర ఎందుకు, సంతకం వచ్చు," అన్నాడు అసిరయ్య. కాగితం తీసుకుని, తాపీగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అంతా చదివాడు. తవిటినాయుడు తల వంచుకుని నిలబడ్డాడు. అసిరయ్య కాగితాన్ని నా పక్కనే బల్ల మీద పెట్టాడు. నన్ను తీసి, ఫొటో కనబడేలా మేనేజరు వైపు తిప్పి పెట్టాడు.

"ఆరేళ్ళ నుంచి ట్యాంకులో దిగతన్నోణ్ణి నాను. తాళం మీద ఈడి ఫొటో ఎందుకేశారు బాబూ?"