పర్సుడీహ్‌లో అరవై, బిష్టుపూర్‌లో యాభై

కాంతం పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడిగి, వెనక్కి తిరిగేసరికి అత్త మంచం మీద ఉండదు. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో ఆ వరస మొత్తానికి తెలిసిన సంగతే ఇది. "ఒలే కాంతం, మీ అత్త ఎల్లిపోతంది!" అని ఎవరో ఒకరు కేకేస్తారు. కాంతం బొగ్గులు వెనక్కి లాగి, చేతులు చీరకి తుడుచుకుని, చెప్పులు కనిపిస్తే చెప్పులతో, లేకపోతే ఒట్టికాళ్ళతో పరిగెడుతుంది. తిరిగొచ్చేసరికి అన్నం మాడైనా ఉంటుంది, పలుకుగానైనా ఉంటుంది. లోకో షెడ్డు నుంచి వచ్చిన మొగుడు ఆదిబాబు కంచం ముందు కూర్చుని, ఒక్క మాట అనకుండా అదే తింటాడు. ఆ అనకపోవడం చూస్తే కాంతానికి ఇంకా ఒళ్ళు మండుతుంది.

అత్త తవిటమ్మకి డెబ్భై దాటాయి. తిన్నది గుర్తుండదు, తినంది గుర్తుంటుంది. ముసలితనంలో మతి తప్పి దారి తప్పేవాళ్ళు ఊరికొకరు ఉంటారు, అందులో వింతేం లేదు. తవిటమ్మతో వచ్చిన చిక్కేమిటంటే, ఇంటికి దూరమైనకొద్దీ ఆవిడకి వయసు తగ్గిపోతుంది. వీధి కుళాయి దాటాక నడుం లేస్తుంది. పర్సుడీహ్ బజారుకి చేరేసరికి అరవై ఏళ్ళ మనిషి. బిష్టుపూర్ దాకా పోయిందంటే యాభై, జుట్టు నల్లగా, నడక జోరుగా, మాట కటువుగా. మళ్ళీ ఇంటికి తెచ్చేసరికి డెబ్భై పైన. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోలా ఉంటుంది, ఆవిడది ఇలా, అనుకుని ఊరుకున్నారు అందరూ.

ఊరుకున్నవాళ్ళకేం, వెతకాల్సింది కాంతం. "మా అత్తని సూసేరా" అని అడిగితే సరిపోదు, ఎంత వయసులో చూశారో కూడా కనుక్కోవాలి. స్టేషన్ దగ్గర రిక్షావాడు, "మాతాజీ? అభీ ఇధర్ సే గయీ. పైంసఠ్ కీ హోంగీ," అంటే, అరవై అయిదు, అయితే ఇంకా పర్సుడీహ్ చేరలేదన్నమాట, అని లెక్క వేసుకుని పరుగు. పర్సుడీహ్‌లో గాజుల కొట్టు గణపతిరావుది సోంపేట. ఆయన తవిటమ్మకి స్టూలు వేసి, గాజులు చూపిస్తూ బేరంలో పెట్టి కాసేపు ఆపేవాడు.

"ఇందాకటి దాకా అరవైలోనే ఉన్నాది సెల్లెమ్మా," అనేవాడు కాంతం రొప్పుతూ చేరగానే. "డజను గాజులకి నా పేణం తీసీసింది. నువ్వలా మలుపు తిరిగేవో లేదో, జుట్టు తెల్లబడిపోనాది. ఇంటి గాలి తగిలిందేమో మరి."

స్టూలు మీద తవిటమ్మ నడుం వంచుకుని, గాజుల వంక అవేమిటో తెలియనట్టు చూస్తూ ఉండేది. కాంతానికి ఏడుపొచ్చేది. ఊరందరికీ వయసులో ఉన్న అత్త కనిపిస్తుంది. గాజులు బేరం చేస్తుంది, రిక్షావాళ్ళని తిడుతుంది, చక్కగా మాట్లాడుతుంది. తనకి మాత్రం ఎప్పుడు చూసినా ఈ ముసలిదే దొరుకుతుంది.

చెయ్యని ఉపాయం లేదు. తలుపుకి తాళం వేస్తే, తనని దొంగలు ఎత్తుకొచ్చి పెట్టారని లోపలి నుంచి అరిచింది. చెప్పులు దాచితే ఒట్టికాళ్ళతో పోయింది. 'ఈ ముసలమ్మ కనిపిస్తే ఫలానా క్వార్టరుకి చేర్చండి' అని చీటీ రాసి జాకెట్టుకి పిన్నీసు పెడితే, అది చదివిన పోలీసాయన నల్లజుట్టు తవిటమ్మని చూసి, ముసలమ్మ ఎక్కడుందో చెప్పమని ఆవిడనే దబాయించాడు. ఒకసారి ఆదిబాబు సెలవు పెట్టి తానే వెతకబోయాడు. బిష్టుపూర్‌లో తల్లి దొరికింది కానీ, ఆ వయసు తవిటమ్మకి కొడుకంటే మీసమైనా సరిగ్గా రాని కుర్రాడు. బొజ్జ ఉన్న పరాయి మగాడెవడో చెయ్యి పట్టుకుని లాగుతున్నాడని చెంప పగలగొట్టింది. అప్పటినుంచీ, "అది ఆడోల్ల పని," అని ఆదిబాబు తేల్చేశాడు.

ఎక్కడికెల్తావని అడిగితే ఎక్కువసార్లు ఒకటే జవాబు. "మీ మావయ్యకి కేరేజీ ఇయ్యాల. షెడ్డులో ఆకలితో ఉంటాడు."

"మావయ్య పోయి ఎన్నేళ్ళయింది అత్తా!" అని మొదట్లో అనేసేది కాంతం. అన్న ప్రతిసారీ తవిటమ్మకి మొగుడు కొత్తగా పోయేవాడు. గుండెలు బాదుకునేది, ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చేవారు. నాలుగైదుసార్లు ఆ చావు చూశాక కాంతం నిజం చెప్పడం మానేసింది. "నడు, ఇద్దరం ఎల్దాం" అని ఖాళీ కేరేజీ చేతికిచ్చి పక్కనే నడిచేది. అలా నడిస్తే తవిటమ్మ ముసలిగానే ఉండి, కుళాయి దగ్గరికే అలిసిపోయి, "ఇంక ఇంటికి పోదామే" అనేది. ఇది ఒక్కటే పనిచేసిన ఉపాయం. కానీ రోజుకి ఎన్నిసార్లని నడుస్తుంది? ఇంట్లో పని ఎవరు చేస్తారు?

ఆ రోజుల్లోనే కాంతానికి కస్తూరమ్మ కబురు పెట్టింది. కస్తూరమ్మది బరంపురం, బిష్టుపూర్‌లో ఆడవాళ్ళ బట్టలు కుట్టే కొట్టు. ఖరగ్‌పూర్‌లో కాపరం చేస్తున్న కాంతం కూతురు పుట్టింటికొచ్చినప్పుడు తల్లి కుట్టిన జాకెట్టుతో ఆ కొట్టుకి వెళితే, కస్తూరమ్మ ఆ కత్తిరింపు చూసి ఎవరు చేశారని అడిగిందట. ఇప్పుడు కటింగుకి మనిషి కావాలి. సోమవారం వస్తే పని కాంతానిది, రాకపోతే ఇంకొకరిది.

ఇలాంటి పనికి వెళ్తానని కాంతం పెళ్ళయిన కొత్తలోనే అత్తని అడిగింది. అప్పుడు తవిటమ్మ, "మా ఇంట ఆడోల్లు డూటీలకి ఎల్లరు" అని ఒక్క మాటతో కొట్టిపారేసింది. కాంతం ఇంకెప్పుడూ అడగలేదు, మర్చిపోనూ లేదు. ఇప్పుడు కాదనే నోరు అత్తకి లేదు. అయినా ఆపుతున్నది ఆవిడే, మంచం మీద కూర్చుని, ఒక్క మాట కూడా అనకుండా. ఇది తలుచుకుంటే కాంతానికి గిన్నెలు నేలకేసి కొట్టాలనిపించేది. ఒకటి రెండు కొట్టింది కూడా.

"రాలేనని సెప్పీయకపోయేవా," అన్నాడు ఆదిబాబు.

"సెప్తాను మావా. నువ్వు సెప్పమన్నావని కూడా సెప్తాను," అంది కాంతం.

కబురు పంపితే పోయేదానికి శనివారం తానే బయలుదేరింది. కాదని చెప్పడానికైనా ఒకసారి ఆ కొట్టు గుమ్మం ఎక్కాలనిపించింది. పక్క క్వార్టరు సన్యాసమ్మని బతిమాలి అత్త దగ్గర కూర్చోబెట్టింది. జుగ్సలాయి మీదుగా టెంపోలో బిష్టుపూర్ వెళ్ళి, కస్తూరమ్మ బల్ల మీద పరిచిన గుడ్డని చేత్తో తడిమి, రాలేనని చెప్పింది. కస్తూరమ్మ ఆమె మొహం చూసి, "సోమవారం దాకా ఎవరినీ పెట్టుకోనమ్మా. మాట తప్పితే ఏమీ అనుకోను," అంది. తిరుగు టెంపోలో కాంతం దారి పొడుగునా అత్తని, మొగుణ్ణి, రైల్వేని, టెంపోవాణ్ణి మనసులో తిట్టుకుంటూ వచ్చింది.

గుమ్మంలో సన్యాసమ్మ కొంగు బిగించి నిలబడి ఉంది.

"ఇంకెప్పుడూ నన్ను అడక్కు కాంతం! మీ అత్త మంచం మీద కూకున్నది కూకున్నట్టే వయసులోకి వచ్చీసింది. గడప దాటనేదు, నాను సూత్తనే ఉన్నాను! యాభై ఏళ్ళ మనిషైపోయి, నా ఇంట్లో నీకేటి పని అని నన్ను లేపీసింది. ఇల్లంతా ఊడిసింది. నా గిన్నెలు మురికిగా ఉన్నాయని ఇక్కడికి తెప్పించి తోమిసింది. ఇందాకే మళ్ళీ కూలబడిపోనాది."

కాంతం లోపలికి తొంగి చూసింది. మంచం మీద ముసలి తవిటమ్మ, తడిచేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి ఎందుకు తడిశాయా అని చూసుకుంటోంది.

"గడప దాటలేదా?"

"నేదంటంటే!"

కాంతం అక్కడే చతికిలబడింది. అత్త కదలలేదు, కదిలింది తాను. అయితే ఇన్నాళ్ళూ లెక్క ఇంటి నుంచి కాదు, తన నుంచి. అది ఎవరికీ ఎందుకు తట్టలేదంటే, ఇన్నేళ్ళలో కాంతం అత్తని వదిలి ఎక్కడికీ వెళ్ళనే లేదు. కూతురి పురిటికి కూడా వెళ్ళలేదు. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చి ఆమెకి ఒళ్ళంతా మంటెత్తిపోయింది.

"అయితే నా మొహం సూత్తేనే ముసలిదైపోద్దన్నమాట! ఇంత సాకిరీ సేసి, ఇదా నాకు!"

సన్యాసమ్మ కోపం ఇంకా తగ్గలేదు, కానీ అన్యాయం మాట ఆమెకి నచ్చదు. "నీ మొహం తప్పు కాదే. నా దగ్గర ఒక్క నిమిషం మంచం మీద ఒరిగిందా? గట్టిగా ఉంది, ఉండాల కాబట్టి. నువ్వుంటే లేపుతావని కూలబడతాది. నాను కూలబడితే నన్నెవులు లేపుతారు?" అని, తోమించుకున్న గిన్నెలు చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. కాంతం చాలాసేపు అత్త పక్కన కూర్చుంది. ఆ తడిచేతులు కొంగుతో తుడిచింది. కోపం పోలేదు, ఏడుపు కూడా వచ్చింది.

సోమవారం కాంతం పనికి వెళ్ళింది. ఇంకెప్పుడూ అడగొద్దన్న సన్యాసమ్మనే మళ్ళీ బతిమాలి ఒప్పించింది.

కష్టమంతా మొదటి కాసేపే. కాంతం టెంపో ఎక్కి జుగ్సలాయి దాటేదాకా తవిటమ్మ ముసలిదే, వీధిలోకి పోబోతుంది. అంతవరకు సన్యాసమ్మ ఖాళీ కేరేజీ చేతికిచ్చి కుళాయి దాకా నడిపించుకొస్తుంది. ఆ తర్వాత తవిటమ్మే చెయ్యి విదిలించుకుని, "నన్నెందుకు పట్టుకున్నావే," అని విసురుగా ఇంట్లోకి పోతుంది. యాభై ఏళ్ళ మనిషికి ఇంటి నిండా పని. వంట, ఊడుపు, పిడకలు కొనేదగ్గర బేరం. వీధుల్లో తిరగడానికి తీరిక ఎక్కడ? సాయంత్రం ఆవిడ జుట్టు చెవుల దగ్గర నెరవడం మొదలైతే, "కాంతం టెంపో ఎక్కినట్టుంది" అని వీధిలో చెప్పుకునేవారు. షెడ్డు నుంచి ఆదిబాబు పగటిపూట వచ్చాడంటే మాత్రం చెంపలు కాచుకోవాల్సిందే.

నలిగిపోయింది సన్యాసమ్మ. యాభై ఏళ్ళ తవిటమ్మకి ఇంట్లో కొత్త కోడలు ఉండాలి, కనిపించదు. రోజూ అడిగేది. సన్యాసమ్మ డ్యూటీకెళ్ళిందని చెప్పేది. రోజూ ఇల్లెగిరిపోయేది.

"ఎవుల్నడిగి ఎల్లిందట? వచ్చాక దాని సంగతి సెప్తాను!" అనేది తవిటమ్మ. కానీ కోడలు వచ్చే వేళకి చెప్పే మనిషి ఉండదు. అందుకని ఆ తిట్లన్నీ సన్యాసమ్మ మోసుకొచ్చి కాంతానికి అప్పజెప్పేది.

"అడిగేను, కాదన్నాది. ఇప్పుడు అడగను, ఎల్తాను. అలా సెప్పు," అనేది కాంతం. ఇన్నేళ్ళు లోపల దాచుకున్న జవాబులన్నీ ఒక్కొక్కటే పంపింది. పచ్చి బాలింత చేత బొగ్గులు మోయించిన సంగతి, పుట్టింటి మీద అన్న మాటలు, అన్నీ. మర్నాడు సన్యాసమ్మ అవి అక్కడ చెప్పేది. అత్తాకోడళ్ళు తన నోటితో తగువాడుకుంటున్నారని, నోరు తనదే నొప్పెడుతోందని మొత్తుకునేది. ఒకరోజు మాత్రం, "మీ అత్త ఏటీ అననేదు. కూకుని ఇన్నాది, అంతే," అని చెప్పి వెళ్ళిపోయింది.

మరికొన్నాళ్ళకి, ఒక సాయంత్రం కాంతం టెంపో దిగి వచ్చేసరికి తవిటమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పూర్తిగా ముసలిది, వంగిపోయి. ఒళ్ళో మూత పెట్టిన కంచం. వంకాయ, ఎండురొయ్యల కూర వాసన. పెళ్ళి బట్టల పని మీద కాంతం ఆ రోజు టీ తప్ప ఏమీ ముట్టలేదు. కంచం మీద చెయ్యి వేసింది. తవిటమ్మ ఆ చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"ముట్టకు. అది మా కోడలిది."

"నానే అత్తా. కాంతాన్ని."

"నువ్వెవులో నాకు తెల్దు. మా కోడలు బిష్టుపూర్‌లో డూటీ సేత్తాది. ఆకలితో వత్తాది."

కాంతం గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. అడగొద్దనుకుంది, కానీ నోరు ఆగలేదు.

"ఆడమనిషిని డూటీకి ఎవులు ఎల్లమన్నారు?"

తవిటమ్మ ఈ పరాయి మనిషిని ఎగాదిగా చూసింది. "నానే ఎల్లమన్నాను. నీకేటి?" అంది.

కాంతానికి ముందు కోపమే వచ్చింది. ఎన్నేళ్ళు కాచుకున్న మాట, ఇప్పుడు ఎవరో దారినపోయేదానికి చెబుతోంది! ఆ తర్వాత కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. అది చూసి తవిటమ్మ కొంచెం మెత్తబడింది.

"ఏడవకు. నువ్వూ ఎక్కడో అలిసిపోయి వచ్చినట్టున్నావు. కూసో, అది వచ్చీత్తాది."

ఇద్దరూ కూర్చున్నారు. ముసలామె వీధి చివరికేసి చూస్తూ ఉంది. ఇళ్ళలో దీపాలు వెలిగాయి. కోడలు రాలేదు.

"దానికి ఈయేల ఆలీసమైనట్టుంది," అని చివరికి తవిటమ్మే మూత తీసి, కంచం ఇటు జరిపింది. "సగం తిను. సగమే. మిగిలింది దానికుంచు."

"అలాగే," అని కాంతం సగం అన్నం తింది. మిగతా సగాన్ని కంచంలో ఒక పక్కకి తీసి, మూత పెట్టి, కోడలి కోసం ఉంచింది.