దేవరాపల్లి మీదుగా

పరదేశి బ్యాటరీ కొనల మీద పేరుకున్న తెల్లటి పొడిని గుడ్డతో తుడిచి, హెడ్‌ఫోను తగిలించుకున్నాడు. ఉదయం ఏడు గంటలు. చోడవరం పోలీసు స్టేషన్లో పదకొండేళ్లుగా అతనిదే వైర్‌లెస్ గది. హెడ్‌ఫోను రాపిడికి చెవుల పైన జుట్టు ఊడిపోయింది.

కొండ అడ్డం కావడంతో మాడుగుల వైర్‌లెస్ సెట్టు మాట చోడవరానికి నేరుగా అందదు. అక్కడి కబురు ముందు పై ఆఫీసుకు వెళ్లి, వరస వచ్చాక ఇటు రావాలి. వానాకాలంలో గంటో రెండు గంటలో పడుతుంది. రెండేళ్లుగా ఖాళీ దొరికినప్పుడల్లా అన్ని సెట్లనూ పిలిచి, ఎవరి మాట ఎవరికి వినబడుతుందో పరదేశి రాసుకున్నాడు. దేవరాపల్లికి మాడుగులా చోడవరమూ రెండూ వినబడతాయి. అటునుంచి అందిస్తే మూడు నిమిషాల పని. ఆ సంగతి పైకి రెండుసార్లు రాశాడు. జవాబు లేదు.

డెబ్బై మూడో సంవత్సరం శ్రావణం. వాన పట్టి మూడోరోజు. మాడుగుల వైపునుంచి వచ్చే గెడ్డ, ఆ కొండవాగు, పొంగుతోంది. టెలిఫోను స్తంభాలు పడిపోయాయి. పై ఆఫీసు సెట్టు ఖాళీ లేదు. తెల్లారినప్పటినుంచి పరదేశికి ఎడమ భుజం లాగుతోంది. దేవరాపల్లి ఆపరేటరు గణపతిరావును పిలిచాడు.

"గణపతీ, మాడుగుల్ని అడిగి నాకు సెప్పు. గెడ్డ ఎలగుందో."

"అది రూలు కాదు గదన్నా. రేపు మాటొస్తే?"

"నా మీదే రానీ. అడుగు."

"ఆ ఆయాసమేటన్నా?"

"నాకేటీ లేదు. నువ్వడుగు."

కాసేపటికి గణపతిరావు గొంతు అరిచినట్టు వచ్చింది. "గట్టు తెగిపోయిందన్నా! నీళ్లు మీ వేపే వస్తన్నాయి!"

పరదేశి ఎస్సై గదికి పరుగెత్తాడు. పది గంటలకల్లా గెడ్డ ఒడ్డున ఉన్న అరవై గడపలూ హైస్కూలుకు చేరాయి. మేకను వదిలి రానని ముసలి సన్యాసమ్మ మొండికేస్తే, కానిస్టేబులు మేకనూ భుజాన వేసుకున్నాడు. అదే కబురు పై ఆఫీసు మీదుగా వచ్చేసరికి పదకొండు దాటింది. అప్పటికి ఆ ఇళ్లలో మొలలోతు నీళ్లు.

"ఇంటికెళ్లి పడుకోవయ్యా," అన్నాడు ఎస్సై, పరదేశి మొహం చూసి.

"నాను లెగిస్తే దారి తెగిపోతాది బాబూ. గెడ్డ తగ్గనీండి."

అరగంటకోసారి పిలుస్తూనే ఉన్నాడు. నాలుగున్నరకు, "తగ్గుతంది అన్నా," అన్నాడు గణపతిరావు. పరదేశి ఆ మాట రాసి, పక్కన టైము వేశాడు. ఐదింటికి గణపతిరావు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. కానిస్టేబులు వచ్చి చూస్తే, పరదేశి గోడకు తల ఆనించి కూర్చునే ఉన్నాడు. ఒళ్లు చల్లబడింది.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. మాడుగుల కబుర్లు ఇకమీదట దేవరాపల్లి మీదుగా అందించాలి. అందులో ఎవరి పేరూ లేదు.

స్టేషను వరండా మూల, ఆ రోజు పరదేశి ఆరబెట్టుకున్న నల్లగొడుగు అలా విప్పే ఉంది. ఎవరూ ముడవలేదు.